పెద్దమ్మతో బాస్‌కాసిల్‌కు

సెప్టెంబరు 12, గురువారం: ఎత్తుగట్ల దారి

ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతపు పల్లెదారులు కాలువల్లా ఉంటాయి. రెండు పక్కలా మనిషెత్తు రాతిగట్లు, వాటి మీద ముళ్ళపొదలు, మధ్యలో ఒక్క కారుకు సరిపోయే రోడ్డు. తిరగాల్సిన మలుపుకు ముందున్న మలుపులోనే తిరిగాను. అర మైలు వెళ్ళేసరికి ఎదురుగా గడ్డిమోపులతో ట్రాక్టరు వచ్చింది. ఆయన దిగి వచ్చి, ఏమాత్రం విసుక్కోకుండా, చేత్తో సైగలు చేస్తూ నన్ను రెండు వందల గజాలు వెనక్కి నడిపించాడు. పక్కనున్న పొలం గేటులోకి కారును సర్దుకోగానే ట్రాక్టరు దాటిపోయింది. పోతూ పోతూ ఆయన స్టీరింగు మీది నుంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తాడు. దారి ఇచ్చినవాళ్ళకు ఇక్కడ కృతజ్ఞత చెప్పే తీరు అది. మరునాటికల్లా పక్క సీట్లోని పెద్దమ్మ కూడా ఎదురొచ్చిన ప్రతి బండికీ వేలెత్తడం మొదలుపెట్టింది.

పెద్దమ్మకు డెబ్బై ఒక్క ఏళ్ళు. మెదక్ దగ్గరి పల్లె నుంచి రెడింగ్‌లోని మా ఇంటికి ఆగస్టులో వచ్చింది. ఈ ప్రయాణం నిజానికి నేను ఒక్కదాన్నే చేద్దామనుకున్నది. బాస్‌కాసిల్ అనే చిన్న రేవు ఊళ్ళో మంత్రతంత్రాల మ్యూజియం ఒకటి ఉందని, చాలా ఏళ్ళుగా చూడాలని ఉందని మాటల్లో చెప్పాను. "చేతబడి సామానుకు మ్యూజియమా?" అని పెద్దమ్మ చేతిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది. "వాటిని కాల్చి బూడిద చేయాలి గానీ అద్దాల పెట్టెల్లో దాచుకుంటారా? నేనూ వస్తాను బిడ్డా. ఎందుకు దాచారో అడగాలి."

అప్పటికి వినాయక చవితి వెళ్ళి రెండు రోజులే అయింది. ఆ రోజు ఆమే కథ చదివింది. శమంతకమణి కోసం కృష్ణుడంతటి వాడికి దొంగ అన్న నింద పడిన ఘట్టం దగ్గర గొంతు కొంచెం ఆగింది. అలసిపోయింది కాబోలు అనుకుని మంచినీళ్ళు ఇచ్చాను.

బాస్‌కాసిల్ చేరేసరికి సాయంత్రమైంది. రెండు కొండల మధ్య ఇరుకు లోయ, అందులో వాలెన్సీ అనే చిన్న ఏరు. ఏటి చివర పాము మెలికలా తిరిగి సముద్రంలో కలిసే రేవు. అక్కడి రాతి గట్టును 1584లో సర్ రిచర్డ్ గ్రెన్‌విల్ కట్టించాడు. ఊరంతా కలిపి పావుగంటలో నడిచి రావచ్చు.

ఆకలి మీద ఉన్నాం. ఒక బేకరీలో కార్నిష్ పాస్టీలు వేడివేడిగా ఉన్నాయి. అసలు పాస్టీలో గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఒక రకం టర్నిప్, ఉల్లి ఉంటాయి. పెద్దమ్మ మాంసం ముట్టదు కాబట్టి చీజు, ఉల్లిపాయ పెట్టినవి తీసుకున్నాం. ఒక్కోటి ఐదున్నర పౌండ్లు. "ఆరు వందల రూపాయలకు ఒక కజ్జికాయా!" అంది. పోలిక చాలా సరైనదే. అదే అర్ధచంద్రాకారం, అంచు మీద వేళ్ళతో నొక్కుతూ వేసిన అదే మెలిక. పెద్దమ్మ తినకుండా ఆ అంచునే వేలితో తడుముతూ కూర్చుంది. "మడత ఎడమ నుంచి కుడికి వేశారు. నేనైతే ఇటు నుంచి వేస్తాను" అంది. నా చేతిలోని సగం పాస్టీని ఒక పెద్ద సముద్రపు పక్షి ఎత్తుకుపోవడం కూడా ఆమె గమనించలేదు.

బేకరీలో అమ్మే ఆవిడ చిల్లర ఇస్తూ పెద్దమ్మను 'మై లవర్' అని పిలిచింది. మనం తెలియనివాళ్ళను కూడా అమ్మా, అయ్యా అన్నట్టు ఈ ప్రాంతంలో అది ఆప్యాయంగా పలికే మాట. అర్థం చెప్పాను. కాసేపు నమ్మలేదు, తర్వాత మురిసిపోయింది.

సెప్టెంబరు 13, శుక్రవారం: రేవు పక్కన తెల్లగోడల ఇల్లు

ఇంగ్లండులో 13వ తేదీ శుక్రవారం పడితే అశుభమని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. టికెట్లు ఇచ్చే ఆవిడకు మాత్రం ఆ రోజు చాలా ఇష్టమట. 'మంచి రోజున వచ్చారు' అంది నవ్వుతూ.

ఈ మ్యూజియం కథ ఊరూరూ తిరిగిన కథ. సెసిల్ విలియమ్‌సన్ అనే ఆయన 1951లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని కాసిల్‌టౌన్‌లో దీన్ని తెరిచాడు. మంత్రగత్తెల మీద 1735 నాటి చట్టాన్ని బ్రిటన్ రద్దు చేసిన సంవత్సరం కూడా అదే. తర్వాత సామాను విండ్సర్‌కు వెళ్ళింది, అక్కడి నుంచి బోర్టన్ ఆన్ ద వాటర్ అనే ఊరికి వెళ్ళింది. ఎక్కడా కుదురుగా ఉండనివ్వలేదు. చివరికి 1960లో ఈ రేవుకు చేరింది. 1996లో విలియమ్‌సన్ దీన్ని గ్రాహం కింగ్‌కు అమ్మాడు. 2013లో అది సైమన్ కాస్టిన్ చేతికి వచ్చింది.

లోపల చూరు కిందికి ఉంది, వెలుతురు తక్కువ, నడవాలు ఇరుకు. సుమారు 3000 వస్తువుల సేకరణ ఇది. పెద్ద నగరాల మ్యూజియాల్లో వస్తువులు దూరంగా, రాజసంగా ఉంటాయి. ఇక్కడ అవి మన మొహానికి జానెడు దూరంలో ఉంటాయి. ఎవరిదో పాత ఇంట్లోకి, ఆ ఇంటివాళ్ళు పక్కింటికి వెళ్ళినప్పుడు అడుగుపెట్టినట్టు అనిపించింది.

నడుమున మూడు ముడులు వేసిన తాడు దగ్గర మొదట ఆగాం. ఒకప్పుడు ఈ తీరాల్లో కొందరు స్త్రీలు పడవవాళ్ళకు గాలిని అమ్మేవాళ్ళట. మొదటి ముడి విప్పితే పిల్లగాలి, రెండోది విప్పితే తెరచాప నిండే గాలి, మూడోది విప్పితే తుపాను. మూడోది విప్పవద్దని చెప్పి మరీ అమ్మేవాళ్ళు. ఆ తాడు ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. సముద్రం మీదికి మగవాణ్ణి పంపి ఒడ్డున ఎదురుచూసే ఇంట్లో, అమ్మేవాళ్ళకైనా కొనేవాళ్ళకైనా, ఆ మూడు ముడులు ఎంత ధైర్యమో అనిపించింది.

పక్కన నడిమధ్య చిల్లు పడిన రాళ్ళు. వాటిని తాడుకు గుచ్చి గుర్రపుశాల గుమ్మానికీ పడవలకూ కట్టేవారు. పెద్దమ్మ వాటిని చూడగానే "దిష్టికి" అంది, నేను చీటీ చదవకముందే. గడ్డం మనిషి మొహం చెక్కిన మట్టిసీసా దగ్గర కూడా అంతే. వంచిన గుండుసూదులు, మేకులు, వెంట్రుకలు, మూత్రం అందులో పోసి బిగించి, పొయ్యిగడ్డ కిందో గుమ్మం కిందో పాతిపెట్టేవారు. ఇంటి మీద ప్రయోగం చేసినవాళ్ళకే ఆ బాధ తిరిగి తగలాలని. గోడల్లో పెట్టి కట్టిన ఎండిన పిల్లి దగ్గర మాత్రం పెద్దమ్మ మొహం తిప్పేసుకుంది. ఇల్లు కట్టేటప్పుడు ఇక్కడ అలా పెట్టేవారట, ఎలుకలూ దుష్టశక్తులూ రాకుండా.

"మనకు గుమ్మడికాయ చాలు కదా" అంది నెమ్మదిగా.

ఒక మూల చిన్న గుడిసె కట్టారు. పొయ్యి, ఎండుటాకుల కట్టలు, బల్ల, దాని ముందు మైనపు ముసలావిడ. ఎక్కడి నుంచో ఒక స్త్రీ గొంతు మంత్రాల వంటి పదాలను పాడినట్టు చదువుతూ వినిపిస్తుంది. పసరు మందు కాచే, పురుళ్ళు పోసే, పోయిన వస్తువు ఎక్కడుందో చెప్పే పల్లెటూరి ఆవిడ ఇల్లు అది. ఆమెను ఏమనేవారు అని పెద్దమ్మ అడిగింది. 'తెలివిగల ఆవిడ' అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారని చెప్పాను.

"మంత్రసాని" అంది పెద్దమ్మ.

ఆ మాటలో మంత్రం ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

గుడ్డబొమ్మల అరల దగ్గర ఆమె చేయి నా చేతిని పట్టుకుంది. బొమ్మలు అరచేయంత ఉన్నాయి. ఒకదాని ముఖం మీద కళ్ళు, నోరు దారంతో కుట్టారు. కుట్టు వంకర టింకరగా, లాగి లాగి వేసినట్టుంది. పొట్టలోంచి తుప్పు పట్టిన గుండుసూదులు బయటికి పొడుచుకొచ్చాయి. ఎవరు చేశారో, ఎవరి మీద కోపంతో చేశారో. ఆ కుట్టులోని ఆత్రం మాత్రం అలాగే ఉంది. భయపడుతోందేమో అనుకుని "పోదామా పెద్దమ్మా?" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆమె ఇంట్లో కూడా బొమ్మ దొరికిందని చెప్పారు. నేను చూశాను. అది పిల్లలు ఆడుకునే బొమ్మ."

ఎవరింట్లో అని అడిగాను. తర్వాత చెబుతానంది.

ఇంకో గదిలో ఇనుప చట్రం ఒకటి ఉంది. తలకు తగిలించి తాళం వేస్తే నాలుక మీదికి ఒక రేకు వచ్చి నొక్కుతుంది. నోరుపారేసుకుంటుందని ముద్ర పడిన ఆడవాళ్ళకు తొడిగి వీధుల్లో తిప్పేవారు. ఆ రేకు మన బొటనవేలంత. దాని ముందు ఎవ్వరూ ఫోటో తీసుకోవడం లేదు.

బయటికి వచ్చేముందు పెద్దమ్మ తన ప్రశ్న అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను: ఇవన్నీ కాల్చేయకుండా ఎందుకు దాచారు? టికెట్ల ఆవిడ కాసేపు ఆలోచించింది. తర్వాత వరద సంగతి చెప్పింది. 2004 ఆగస్టు 16న కొండల మీద కొన్ని గంటల్లోనే కుంభవృష్టి కురిసి వాలెన్సీ ఏరు ఈ వీధి మీద పడింది. కార్లు సముద్రంలోకి కొట్టుకుపోయాయి. సుమారు వందమందిని హెలికాప్టర్లలో పైకి లాగారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మ్యూజియం కింది అంతస్తు బురదతో, మురుగునీటితో నిండిపోయింది. అప్పుడు వస్తువులను ఒక్కొక్కటిగా బురదలోంచి తీసి కడిగి ఆరబెట్టారట. 'పారేయడానికి అంతకన్నా మంచి అవకాశం రాదు కదా. అయినా ఎవరికీ చేతులు రాలేదు' అంది.

పెద్దమ్మ ఆ జవాబును రెండుసార్లు చెప్పించుకుంది.

సాయంత్రం క్రీమ్ టీకి కూర్చున్నాం. రొట్టెలాంటి వేడి స్కోన్, స్ట్రాబెరీ జామ్, గడ్డకట్టిన మీగడ, టీ. ఇద్దరికీ పదిహేడు పౌండ్లు. కార్న్‌వాల్‌లో జామ్ ముందు రాసి దాని మీద మీగడ వేస్తారు. పక్కనున్న డెవన్‌లో మీగడ ముందు. నేను పొరపాటున డెవన్ పద్ధతిలో రాస్తుంటే పక్క బల్ల మీది పెద్దాయన మర్యాదగా వంగి, ఇక్కడ అలా కాదమ్మా అని చూపించాడు. పెద్దమ్మ మాత్రం జామ్ ముట్టకుండా మీగడ ఒక్కటే చెంచాతో తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. పైన పసుపుపచ్చగా, తరకలు తరకలుగా ఉంది. "పిడకల దాలి మీద పొద్దుటి నుంచి కాగితే ఇలా కడుతుంది" అంది. నిజమే, ఇదీ సన్నని వేడి మీద గంటల తరబడి ఉంచితే కట్టే మీగడే.

అక్కడే చెప్పింది, చల్లారుతున్న టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని.

వాళ్ళ ఊళ్ళో ఒక మంత్రసాని ఉండేది. పెద్దమ్మను, మా అమ్మను, ఆ వీధిలో సగం మందిని ఈ లోకంలోకి తెచ్చింది ఆమే. పెద్దమ్మకు పదేళ్ళప్పుడు ఊళ్ళో జ్వరాలు వచ్చి ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. బాణామతి అన్నారు. ఎవరు చేశారంటే ఆ ఇంటికి ఆఖరుగా వెళ్ళింది ఎవరో చూశారు. మంత్రం పలకకుండా ఉండాలని రాయితో ఆమె పళ్ళు రాలగొట్టారు. తర్వాత ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మమ్మ చీకటి పడ్డాక గిన్నెలో జొన్నజావ పోసి, పైన కొంగు కప్పి, పెద్దమ్మతో పంపేది. నమలలేదు కదా, జావ అయితే తాగుతుందని. ఆమె గిన్నె తీసుకుని, తాగి, కడిగి తిరిగి ఇచ్చేదట. రెండు నెలలకు చనిపోయింది.

"కడగకుండా ఒక్కనాడూ ఇవ్వలేదు బిడ్డా" అంది పెద్దమ్మ.

సెప్టెంబరు 14, శనివారం: రాకీ వ్యాలీ, మినిస్టర్ అడవి

పొద్దున టింటాజెల్ వైపు వెళ్ళే దారిలో రాకీ వ్యాలీలోకి దిగాం. కూలిపోయిన పాత మిల్లు వెనక రాతి మీద రెండు చిన్న వలయాల చిక్కుదారులు చెక్కి ఉన్నాయి, ఒక్కోటి అరచేయి కన్నా కొంచెం పెద్దది. వాటి వయసు మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఏడు చుట్లు, లోపలికి ఒకే దారి. హళేబీడు గుడి గోడ మీద పద్మవ్యూహాన్ని కూడా దాదాపు ఇలాగే చెక్కారని పెద్దమ్మకు చెప్పాను. ఆమె వేలు పెట్టి దారి పట్టుకుంది. రాయి ఆ గాడిలో నునుపుదేరి ఉంది, ఎన్ని వేళ్ళు తిరిగాయో. మధ్యకు చేరి, "వీళ్ళ అభిమన్యుడికి బయటికి రావడం కూడా తెలుసు" అంటూ అదే దారిలో వేలిని వెనక్కి తెచ్చింది.

మధ్యాహ్నం మినిస్టర్ చర్చికి. అది ఊళ్ళో లేదు, ఊరికి ఎగువన అడవిలో ఒంటరిగా ఉంది. చెట్ల కింద తడి, నాచు, కాకుల అరుపులు. చర్చి గోపురం రాతి మీద ఒక కత్తెర బొమ్మ చెక్కి ఉంది. మేము వచ్చింది దానికోసం కాదు.

మ్యూజియంలో చాలా ఏళ్ళు ఒక అస్థిపంజరం ఉండేది. జోన్ వైట్ అనే ఆవిడదని చెప్పేవారు. స్థానికంగా చెప్పుకునే కథ ప్రకారం ఆమె బాడ్‌మిన్ అనే ఊరి మనిషి. జోస్యం చెప్పేది, మందులిచ్చేది. పంటిలో చీము పట్టి ఆ నొప్పికి కోపిష్ఠి అయిందట, వీధిలో కొట్లాడితే జైల్లో పెట్టారట, అక్కడే పోయిందట. పోయాక ఆమె ఎముకలను కూడా పూడ్చలేదు, ప్రదర్శనకు పెట్టారు. మ్యూజియం చేతులు మారాక ఆమెను ఇక్కడికి తెచ్చి పాతిపెట్టారు.

గోరీ చర్చి ఆవరణ గోడకు బయట ఉంది. వెతకడానికి అరగంట పట్టింది, ఒకసారి దారి తప్పి ఏటి వైపు దిగిపోయాం. చివరికి పెద్దమ్మకే కనిపించింది, చెట్టు కొమ్మలకు కట్టిన రంగు రిబ్బన్లను బట్టి. చిన్న పలక రాయి. చుట్టూ గవ్వలు, నాణేలు, ఎవరో పెట్టిన ఆపిల్ పండు. దాని మీది అక్షరాలను నేను తెలుగు చేసి చదివాను:

జోన్ వైట్. పుట్టింది 1775. బాడ్‌మిన్ జైల్లో చనిపోయింది 1813. పాతిపెట్టింది 1998. ఇక ఎవరూ హింసించరు.

పెద్దమ్మ కూర్చుంది. మోకాళ్ళ నొప్పితో ఆమె నేల మీద కూర్చోవడం నేను ఈ మధ్య చూడలేదు. పలక మీద అతుక్కున్న తడి ఆకులను ఒక్కొక్కటే గోటితో తీసింది. సంచిలోంచి ఇంటి నుంచి తెచ్చుకున్న బెల్లం ముక్క తీసి ఆపిల్ పక్కన పెట్టింది.

"పన్ను నొప్పి అన్నావు కదా" అని, ఆ బెల్లాన్ని మళ్ళీ తీసుకుని, రాయి మీద పెట్టి చిన్న చిన్న పలుకులుగా చితక్కొట్టి పెట్టింది.

సెప్టెంబరు 15, ఆదివారం: ఎక్సెటర్

తిరుగుదారిలో ఎక్సెటర్‌లో ఒక్క గంట ఆగాం. రూజ్‌మాంట్ కోట పాత ద్వారం గోడకు ఒక ఫలకం ఉంది. బిడ్‌ఫర్డ్ ఊరివాళ్ళు టెంపరెన్స్ లాయిడ్, సుసానా ఎడ్వర్డ్స్, మేరీ ట్రెంబుల్స్‌లను మంత్రగత్తెలని ఇక్కడే విచారించి 1682లో ఉరితీశారు. ఎవరో ఒకావిడకు కడుపునొప్పి, సూదులు గుచ్చినట్టు బాధ రావడం ఆ కేసుకు మొదలు. ముగ్గురూ బీదవాళ్ళు. ఫలకం మీద ఆ మూడు పేర్లతో పాటు ఆలిస్ మోలండ్ అనే నాలుగో పేరు, 1685 అనే సంవత్సరం ఉన్నాయి.

పేర్లు చదవమంది పెద్దమ్మ. చదివాను. ఒక్కో పేరు తర్వాత తనూ పలికింది, తప్పు పోతే సరిచేయించుకుంది. 'ట్రెంబుల్స్' దగ్గర మూడుసార్లు ఆగాం. నేను బండి దగ్గరికి నడుస్తుంటే ఆమె కదల్లేదు.

"ఆమె పేరు ఏమిటో నాకు తెలియదు బిడ్డా."

ఎవరి పేరో నేను అడగలేదు.

"అందరం మంత్రసాని అనే పిలిచేవాళ్ళం. అమ్మ కూడా. జావ తీసుకుపోయినప్పుడు గుమ్మం దగ్గర నిలబడి 'మంత్రసానీ' అనేదాన్ని."

కోట గోడ పక్కనున్న బల్ల మీద కూర్చుని ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోను చేసింది. మామయ్యకు ఆమె గుర్తుంది, పేరు గుర్తులేదు. ఆమెకు ఒక మనుమరాలు ఉండాలని, నర్సాపూర్ వైపు ఇచ్చారని విన్నానని చెప్పాడు. కనుక్కోమంది. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు అక్కా అన్నాడట. నువ్వు కనుక్కో ముందు అంది.

ఇంటికి వచ్చి మూడు రోజులైంది. నా బూట్ల బురద ఇంకా కడగలేదు. పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం రెండింటికి, అంటే అక్కడ సాయంత్రం ఆరున్నరకు, మామయ్య పొలం నుంచి వచ్చే వేళకు ఫోను చేస్తోంది. నిన్న మనుమరాలి ఊరు తెలిసింది. ఆదివారం బస్సెక్కి వెళ్ళి వస్తానన్నాడు.